ఎడారి గులాబీలు: ఏ ఊరి రాయి కొనాలి, ఏది వదిలేయాలి

ఆన్‌లైన్ అంగళ్లలో ‘డెజర్ట్ రోజ్’ అని వెతికితే ముందు వరసలో కనిపించేవి అడీనియం మొక్కలు. కడియం నర్సరీల్లో కుండీల్లో అమ్మే, మొదలు బానలా ఉబ్బిన పూలమొక్క అది. ఇక్కడ చెప్పేది దాని సంగతి కాదు, ఎడారి ఇసుకలో పెరిగే జిప్సం రాయి సంగతి. పలచటి పలకలు ఒకదాన్నొకటి కోసుకుంటూ పువ్వు రేకుల్లా విచ్చుకుని ఉంటాయి. చేత్తో రాస్తే గరుకు కాగితంలా తగులుతుంది. ఫ్రెంచివాళ్లు దీన్ని ‘ఇసుక గులాబీ’ అంటారు. నన్నడిగితే అదే సరైన పేరు, ఎందుకంటే కొన్ని రాళ్లలో సగం దాకా ఇసుకే ఉంటుంది.

ఖనిజాలు సేకరించేవాళ్లకి ఇదేమీ అరుదైన సరుకు కాదు. టోకు వ్యాపారులు కిలోల లెక్కన కొంటారు, విడిగా ముక్కల లెక్కన అమ్ముతారు. అందుకే ఇందులో మోసపోయేది ధర దగ్గర కంటే అంచుల దగ్గర ఎక్కువ. అరచేతిలో ఇమిడే రాయి, రేకుల అంచులన్నీ నిలిచి ఉన్నది, బుట్టెడంత ఉండి చుట్టూ విరిగిన రాయి కంటే ఎప్పుడూ మేలు. కింద వేసిన మార్కులన్నీ ఆ కొలతతో వేసినవే.

పేరు గొప్పగా ఉన్నా పదార్థం మనకి కొత్తది కాదు. వేరుశనగ రైతు ఊడలు దిగే వేళ ఎకరాకు 200 కిలోలు చల్లే జిప్సమే ఇది. ఆయుర్వేదం దుకాణంలో గోదంతి అని అమ్మేదీ ఇదే. రసాయనంగా చూస్తే కాల్షియం సల్ఫేట్‌కి రెండు నీటి అణువులు కలిసిన పదార్థం. బరువులో దాదాపు 21 శాతం నీరే. మోస్ కొలతలో గట్టిదనం 2, అంటే వేలిగోరుతో గీత పడేంత మెత్తన. లీటరు నీటిలో రెండున్నర గ్రాముల లోపు కరుగుతుంది. ఈ మూడు సంగతులూ గుర్తుంచుకుంటే రాయిని పాడుచేసుకునే దారులు సగం మూసుకుపోతాయి.

రేకులు ఎందుకు వస్తాయి

ఎడారిలో నేల కింద కొద్ది లోతులోనే ఉప్పునీరు ఉండే పల్లపు మైదానాల్ని అరబ్బులు సబ్ఖా అంటారు. పైన ఎండ లాగుతుంటే ఆ నీరు, దీపం వత్తిలో నూనె ఎక్కినట్టు, ఇసుక సందుల్లోంచి పైకి ఎక్కుతుంది. నీరు ఆవిరైపోతుంది. అందులో కరిగి ఉన్న కాల్షియం సల్ఫేట్ మిగిలి స్ఫటికం కడుతుంది. ఖాళీ గుహలో పెరిగే జిప్సం అద్దంలా స్వచ్ఛంగా వస్తుంది. ఇసుకలో పెరిగేదానికి ఆ వీలు లేదు, రేణువుల్ని పక్కకి నెట్టలేక లోపలికి మింగేస్తూ పెరుగుతుంది. రాయి రంగు నిజానికి జిప్సం రంగు కాదు, అది మింగిన ఇసుక రంగు.

దీనివల్ల కొనేవాళ్లకి అక్కరకొచ్చే సంగతి ఒకటుంది. లోపల ఎంత ఇసుక ఉన్నా ఒక్కో రేకు మొత్తం ఒకే స్ఫటికం. రేణువులు వేలల్లో ఉండొచ్చు, వాటిని పట్టి ఉంచిన జిప్సం మాత్రం ఒక్కటే ముక్క. ఎక్కడైనా రేకు విరిగి ఉంటే ఆ విరుపు మీద దీపం కాంతి పడేలా రాయిని మెల్లగా తిప్పండి. ఒక కోణం దగ్గర విరుపు మొత్తం ఒక్కసారిగా తళుక్కుమంటుంది. మధ్యమధ్య ఇసుక రేణువుల చోట నల్లటి చుక్కలు కనిపిస్తాయి, మిగతాదంతా ఒకే అద్దం ముక్కలా వెలుగుతుంది. ఇంకొంచెం తిప్పితే మొత్తం ఒకేసారి ఆరిపోతుంది. ప్లాస్టర్‌తో అచ్చుపోసి పైన ఇసుక చల్లిన నకిలీలో ఈ తళుకు రాదు. ప్లాస్టర్‌లో కోట్ల సూదులు తలో దిక్కుకీ ఉంటాయి కాబట్టి ఎలా తిప్పినా సుద్దముక్కలా చప్పగానే ఉంటుంది. ఎన్ని పరీక్షలున్నా మొదట చేయాల్సింది ఇదే. రాయికి గీత పడదు, డబ్బు ఖర్చు లేదు. దుకాణంలో ఫోన్ టార్చి చాలు.

ఇప్పుడు ఊరూరి సరుకు

బజారులో ఎక్కువగా దొరికేది ట్యునీషియాది. చోత్ ఎల్ జెరిద్ అనే పెద్ద ఉప్పు మైదానం చుట్టూ ఉన్న తోజర్, నెఫ్తా, దూజ్, కెబిలి ఊళ్లలో దీని వ్యాపారం సాగుతుంది. లేత గోధుమ రంగు, ఇసుక పుష్కలం, రేకులు పలచనుంచి మధ్యరకం. మొదటి రాయి కొనేవాళ్లకి 6 నుంచి 9 సెంటీమీటర్ల ట్యునీషియా ముక్క చాలు, అంతకంటే వెతకనక్కర్లేదు. పదికి ఎనిమిది. రెండు మార్కులు ఎందుకు తగ్గాయంటే, రోడ్డుపక్క కొట్లలో వీటిని కంకర పోసినట్టు కుప్పపోస్తారు. కుప్పలో అడుగున ఉన్నదాని రేకులు పైవాటి బరువుకి నలిగిపోతాయి. ఒక ‘డజను పెట్టె’ కొంటే అందులో నాలుగైదు మాత్రమే పెట్టుబడికి తగ్గవి అనుకోవాలి. ఇంకో లోపం రంగులు. ఎర్ర, నీలి, ఆకుపచ్చ అద్దకం వేసిన ముక్కలు పర్యాటకుల కోసం చేసినవి. సేకరణలో వాటికి విలువ సున్నా. దూదిని నీటిలోనో ఆసిటోన్‌లోనో ముంచి అడుగువైపు రాస్తే చాలావాటి రంగు దూదికి దిగుతుంది.

అల్జీరియాలో సూఫ్ ప్రాంతం, దాని ముఖ్య పట్టణం ఎల్ ఊద్. అక్కడి ఖర్జూరం రైతులు పాత పద్ధతిలో మొక్కకి నీళ్లు పెట్టరు. నేలనే పెద్ద గుంటగా తవ్వి మొక్కని నీటి దగ్గరకి దింపుతారు. ఆ తవ్వకాల్లో గులాబీల పొరలు తగులుతాయి. ఆ ప్రాంతపు పాత ఇళ్ల గోడల్లో రాయిగా వాడిందీ వీటినే. మనం గాజు పెట్టెలో పెట్టుకునే రాయి అక్కడ గోడరాయి. పెద్ద గుత్తులు కావాలంటే ఇవే మంచివి, రేకులు మందంగా ఉండి రవాణాకి కాస్త ఓర్చుకుంటాయి. కానీ అందంలో ట్యునీషియా చిన్న ముక్కకి సాటి రావు. నాలుగు కిలోల గుత్తి ఇంట్లో పెట్టాక దుమ్ము దులపడం ఎంత పనో కొన్నవాళ్లకే తెలుస్తుంది. పదికి ఏడు.

మొరాకో పేరుతో వచ్చేవాటి విషయంలో జాగ్రత్త. రాయి బాగుండొచ్చు, ఎక్కడిదో రాసి దాంతో ఇచ్చే చీటీ మీదే అనుమానం. ఖనిజాల వ్యాపారంలో అమ్మిన ఊరు, తవ్విన ఊరు తరచూ వేరు. దేశం పేరు తప్ప ఇంకేమీ రాయని చీటీని, ‘సహారా’ అని మాత్రమే రాసిన చీటీని ఒకేలా చూడాలి. రెండింటికీ స్థలం విలువ లేదు, రాయి విలువ మాత్రమే ఇవ్వాలి. ఏ దేశమో తెలియని మంచి రాయి కొనొచ్చు. దేశం పేరు చెప్పి ఎక్కువ ధర అడిగితే మాత్రం ఊరి పేరూ చెప్పమనండి.

మెక్సికోలో చివావా రాష్ట్రం నుంచి వచ్చేవాటిలో ఇసుక తక్కువ కలిసిన ముక్కలు ఏరుకోవచ్చు. ఇసుక తగ్గేకొద్దీ రాయి తెల్లబడుతుంది, రేకు అంచున కాంతి లోపలికి దిగి తేనెచుక్కలా మెరుస్తుంది. చూపుకి ఇవే నా మొదటి ఓటు, పదికి ఎనిమిదిన్నర. ఇసుక తక్కువైన రేకు ఎక్కువ పెళుసుగా ఉంటుందన్నది దీని వెనకున్న తిరకాసు. జిప్సం ఒక దిశలో మైకాలా పొరలు పొరలుగా చీలుతుంది. ఇసుక ఉన్న రేకులో చీలిక రేణువు దగ్గర ఆగుతుంది, లేనిదాంట్లో ఈ చివరనుంచి ఆ చివరకి పోతుంది. పార్శిల్‌లో ఎక్కువగా పగిలేవి ఇవే.

ఇక గల్ఫ్. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల నుంచో, రాయచోటి నుంచో, కోనసీమ నుంచో సౌదీకి, కువైట్‌కి, ఖతర్‌కి వెళ్లినవాళ్లు ఉన్న ఇళ్లు మనకి ఎన్నో. ఈ రాయికి తెలుగునాటితో నిజమైన దారి అదే. దోహాలో 2019లో తెరిచిన ఖతర్ జాతీయ మ్యూజియాన్ని ఫ్రెంచి వాస్తుశిల్పి జాన్ నువెల్ ఈ రాయి ఆకారంలోనే గీశాడు. 539 పెద్ద చక్రాలు ఒకదాన్నొకటి కోసుకుంటూ నిలబడతాయి. ఆ భవనం ఫొటో పక్కన చిన్న ఎడారి గులాబీని పెట్టి చూస్తే, రేకులు ఒకదాంట్లోంచి ఒకటి పొడుచుకురావడం అంటే ఏమిటో పిల్లలకి కూడా అర్థమైపోతుంది. గల్ఫ్ సబ్ఖాల రాళ్లు సేకరణకి బాగా పనికొస్తాయి. రక్షిత ప్రాంతాల్లో ఏరినవి కాకుండా దుకాణంలో కొన్నవైతే మంచిది. ఒక్క తేడా గమనించాలి: ఆ తీరం ఇసుకలో గవ్వలపొడి, సున్నపు రేణువులు ఎక్కువ. అడుగున నిమ్మరసం చుక్క వేస్తే బుసబుసమనొచ్చు. దాన్ని చూసి నకిలీ అని పారేయకండి. జిప్సం పొంగదు, అందులో చిక్కుకున్న సున్నపు ఇసుక పొంగుతుంది. సహారా రాయిలో ఎక్కువగా ఉండేది స్ఫటిక ఇసుక, అంటే క్వార్ట్జ్ రేణువులు, అది పొంగదు.

అమెరికాలో ఉన్నవాళ్లకి ‘రోజ్ రాక్’ పేరుతో దొరికే ఓక్లహామా రాయి పూర్తిగా వేరే ఖనిజం. అది జిప్సం కాదు, బెరైట్. మన మంగంపేటలో తవ్వే ముగ్గురాయి. ఎర్రమట్టి రంగు, గుండ్రటి పొట్టి రేకులు, ఒక్కో పువ్వు విడిగా. 1968లో ఓక్లహామా దీన్ని రాష్ట్ర శిలగా ప్రకటించింది. నార్మన్ పక్కనున్న నోబుల్ ఊరు దీనికి పెట్టింది పేరు, డల్లాస్ నుంచి కారులో మూడు గంటల దారి. బరువులో, గట్టిదనంలో, నీటికి ఓర్చుకోవడంలో జిప్సం దీనికి సాటి రాదు. నీటిలో కరగదు కాబట్టి కడుక్కోవచ్చు కూడా. పదికి తొమ్మిది ఇస్తాను, కానీ ‘ఎడారి గులాబీ’ గడిలో కాదు, దాని పక్క గడిలో. ఇది పెర్మియన్ కాలపు ఇసుకరాతిలో పుట్టింది, అంటే పాతికకోట్ల ఏళ్ల పైమాట. సహారాది భూగర్భ లెక్కలో నిన్నమొన్నటిది. అదే రాష్ట్రం ఉత్తరాన గ్రేట్ సాల్ట్ ప్లెయిన్స్‌లో దొరికే జిప్సం స్ఫటికాలు గులాబీలు కావు. కాకపోతే వాటి లోపల ఇసుక, నడుము సన్నగా ఉండే ‘ఇసుక గడియారం’ ఆకారంలో చిక్కుకుని ఉంటుంది. సేకరణలో వీటినీ ఎడారి గులాబీనీ పక్కపక్కన పెడితే ఒకే ఖనిజం ఇసుకని ఎన్ని రకాలుగా మింగుతుందో కనిపిస్తుంది.

చేతిలో ఉన్నది జిప్సమా, బెరైటా

గోరుతో గీసి చూడమని అందరూ చెప్పే సలహా ఇక్కడ సగమే పనిచేస్తుంది. జిప్సం మీద గోరు దిగుతుంది, నిజమే. కానీ రేకులో స్ఫటిక ఇసుక ఉంది, దాని గట్టిదనం 7. గోరు రేణువుకి తగిలితే రాయికి బదులు గోరే అరుగుతుంది, ఇది గట్టిరాయి అని పొరబడతాం. నమ్మదగింది తూకం.

వంటింటి డిజిటల్ కాటా మీద ముందు పొడి రాయిని తూచి రాసుకోండి. తర్వాత సగం నీళ్లున్న గిన్నెని కాటా మీద పెట్టి సున్నా చేయండి. రాయికి కుట్టుదారం కట్టి, గిన్నె అడుక్కీ అంచులకీ తగలకుండా, పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. కాటా చూపే గ్రాములే రాయి ఘనపరిమాణం, ఘన సెంటీమీటర్లలో. మొదటి తూకాన్ని దీంతో భాగించాలి. 124 గ్రాముల రాయికి కాటా 51 చూపితే 2.43 వస్తుంది, అది జిప్సం. ఇసుక కలిసిన జిప్సం గులాబీ దాదాపు ఎప్పుడూ రెండున్నరకి అటూ ఇటూగా వస్తుంది, సందులు ఎక్కువుంటే ఇంకా తగ్గుతుంది. మూడు దాటితే బెరైట్ అనుకోవచ్చు. స్వచ్ఛమైన బెరైట్ సాంద్రత నాలుగున్నర, సగం ఇసుక కలిసినా మూడున్నర దగ్గర ఉంటుంది. మొత్తం పని పది సెకన్లలో అయిపోవాలి, వెంటనే తీసి ఫ్యాను కింద ఆరబెట్టాలి. రాయికి జిగురు ఉందని అనుమానమున్నా, అడుగు పొడిపొడిగా రాలుతున్నా ఈ పరీక్ష వద్దు.

జిగురు గురించి. విరిగిన రేకుని అతికించి అమ్మడం ఈ రాయిలో మామూలు, చెప్పి అమ్మితే తప్పు కూడా కాదు. చెప్పకుండా అమ్మినదాన్ని పట్టుకోవాలంటే చీకటిగదిలో అతినీలలోహిత టార్చి, 365 నానోమీటర్లది, వేసి చూడాలి. చాలా జిగుర్లు నీలి తెలుపులో గీతలా వెలుగుతాయి. జిప్సం కూడా ఒక్కోసారి లేతగా వెలుగుతుంది, కానీ అది రేకంతా పరుచుకుని ఉంటుంది. వెలుగు సన్నటి గీతగా, రేకులు కలిసే మూలలో మాత్రమే కనిపిస్తే అనుమానించాలి. వార్నిష్ పూసిందైతే టార్చి అక్కర్లేదు. తడిసినట్టు నిగనిగలాడే రాయి ఎడారి నుంచి వచ్చింది కాదు, డబ్బాలోంచి వచ్చింది. ఆ పూత ఏళ్లు గడిచేకొద్దీ పసుపు తిరుగుతుంది, తీయబోతే ఇసుక కూడా ఊడొస్తుంది. వద్దు.

ఫొటో చూసి కొనేవాళ్లు అమ్మేవాళ్లని అడగాల్సింది ‘ఇంకో ఫొటో పెట్టండి’ అని కాదు. స్కేలు పక్కన పెట్టి పై, కింద, రెండు పక్కల నుంచి తీసినవి, రాయిని తిప్పుతూ తీసిన పది సెకన్ల వీడియో, గ్రాముల్లో తూకం అడగండి. వీడియోలో కొత్త విరుపులు తళుక్కుమని తామే బయటపడతాయి. పాత విరుపు మీద ఇసుక పట్టి మందంగా ఉంటుంది. అది రాయి నేలలో ఉన్నప్పటిది, దాన్ని క్షమించొచ్చు. అడుగున ఒక చోట విరుపు ఎలాగూ ఉంటుంది, తవ్వి తీయాలంటే ఎక్కడో ఒకచోట విడదీయక తప్పదు. ముందువైపు, కంటి ఎత్తున కొత్త విరుపులు మూడు దాటితే వదిలేయండి.

మన ఊళ్లో దీనికి వచ్చే అసలు జబ్బు

ఎడారి రాయి తేమకి కరిగిపోతుందని కొందరు భయపడతారు. జిప్సం గాల్లో తేమని పీల్చుకోదు. విశాఖలో, కాకినాడలో, నెల్లూరులో కూడా గాజు బీరువాలో హాయిగా ఉంటుంది. అయినా జూలై ఆగస్టుల్లో కొన్ని రాళ్లు చెమట పడతాయి, ఆరాక రేకుల మధ్య తెల్లటి బూజులాంటిది కనిపిస్తుంది. అది బూజు కాదు, ఉప్పు. సబ్ఖా నీటిలో జిప్సంతోపాటు మామూలు ఉప్పు కూడా ఉంటుంది, అది సందుల్లో మిగిలిపోయి వస్తుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు నీళ్లు లాక్కుని కరుగుతుంది, తగ్గితే మళ్లీ గడ్డకడుతుంది. ఏడాదికి ఎన్నిసార్లు అలా జరిగితే అన్నిసార్లు రేకు మూలల్ని లోపలినుంచి నెడుతుంది. తవ్వినచోట వందల ఏళ్లు నిలిచిన రాయి కోస్తాలో నాలుగు వానాకాలాలకే అడుగు రాలడానికి కారణం ఇది. హైదరాబాద్‌లో ఈ బాధ తక్కువ, లేదని కాదు.

ఉప్పుందో లేదో తెలియాలంటే అడుగువైపు ఒక చుక్క డిస్టిల్డ్ వాటర్ వేసి, దాన్ని డ్రాపర్‌తో వెనక్కి లాగి గాజుపలక మీద ఆరనివ్వండి. పదింతల భూతద్దంలో చిన్న చదరపు గడులు కనిపిస్తే ఉప్పు. సన్నటి సూదులు మాత్రమే కనిపిస్తే జిప్సం, ఏమీ చేయనక్కర్లేదు.

ఉప్పు ఉంటే తీయాలి. కుళాయి కింద పెట్టి కడగడం మాత్రం ఎప్పటికీ చేయకూడని పని. కొత్త నీరు వస్తున్నంతసేపూ జిప్సం కరుగుతూనే ఉంటుంది, ముందు కరిగేది అతి పలచటి చోటు, అంటే మనం డబ్బిచ్చి కొన్న అంచు. జిప్సం కరగ్గానే అది పట్టి ఉంచిన ఇసుక రాలిపోతుంది. కడిగేకొద్దీ కత్తిలా ఉన్న రేకు అంచు మొద్దుబారుతుంది.

దానికి విరుగుడు, జిప్సంతో ముందే కడుపు నిండిన నీరు. పెయింటు దుకాణంలో దొరికే తెల్లటి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ 5 గ్రాములు, డిస్టిల్డ్ వాటర్ లీటరు, మూత ఉన్న సీసాలో వేసి రోజుకి రెండుసార్లు గిలకొట్టాలి. మూడు రోజులు ఆగాలి. ఈ మూడు రోజుల్నీ చాలామంది ఎగ్గొట్టి రాయిని పాడుచేస్తారు. ప్లాస్టర్ మొదట జిప్సం కంటే ఎక్కువగా కరుగుతుంది, తర్వాత ఆ ఎక్కువైనదంతా నెమ్మదిగా జిప్సంగా అడుగుకి దిగుతుంది. తొందరపడి మొదటిరోజే వాడితే ఆ దిగేది సీసా అడుగున కాకుండా మీ రాయి మీద తెల్లటి పెచ్చుగా దిగుతుంది. మూడోరోజుకి అడుగున తెల్లటి మడ్డి మిగిలి ఉందంటే నీరు నిండింది అని గుర్తు. పైనీటిని పలచటి నూలుగుడ్డలో రెండుసార్లు వడగట్టాలి.

ప్లాస్టిక్ జల్లెడలో రాయిని రేకులు పైకి ఉండేలా కూర్చోబెట్టి ఆ నీటిలో ముంచండి. గంటన్నర. కదిలించొద్దు, బ్రష్షు వద్దు. నీరు మార్చి ఇంకో గంటన్నర. చిన్న ముక్కకి రెండుసార్లు చాలు, అరకిలో దాటితే మూడు. చివర్లో ఉత్త డిస్టిల్డ్ వాటర్‌లో రెండు సెకన్లు ముంచి తీయాలి, లేకపోతే నిండిన నీరే ఆరి తెల్లటి తెర వదులుతుంది. అడుగున టిష్యూ అద్ది నీటిని లాగేయండి, రేకుల్ని తాకొద్దు. నీడలో, ఫ్యాను గాలిలో నాలుగైదు రోజులు. హెయిర్ డ్రయ్యరు వేడిగాలి, ఓవెన్, డాబా మీది వైశాఖం ఎండ మూడూ నిషిద్ధం. వేడికి జిప్సంలోని నీరే బయటికి పోతుంది. వంద డిగ్రీలు దాటితే త్వరగా, పొడి ఎండలో నెమ్మదిగా, రాయి సుద్దలా తెల్లబడి పొడి రాలుతుంది. కారు డాష్‌బోర్డు మీద అలంకారంగా పెట్టేవాళ్లకీ ఇదే మాట.

ఉప్పునీటిలో రాత్రంతా నానబెట్టి ‘శక్తి నింపమని’ చెప్పే అమ్మకందార్లు కొందరున్నారు. జిప్సం మంచినీటి కంటే ఉప్పునీటిలో ఎక్కువ కరుగుతుంది. పూజగదిలో పెట్టుకోవడంలో ఇబ్బంది లేదు, అభిషేకం మాత్రం చేయకండి.

పార్శిల్, పెట్టె, చీటీ

రేకు విరిగేది సాధారణంగా దారిలో కాదు, పెట్టె విప్పేటప్పుడు. దూదిలో చుట్టిన రాయి క్షేమంగా వస్తుంది, దూది తీయబోతే పోగులు గరుకు అంచులకి చిక్కుకుని కొనలు వాటితో ఊడిపోతాయి. టిష్యూ కాగితం కూడా నేరుగా తగలకూడదు. ముందు వంటింట్లో గిన్నెల మీద కప్పే పలచటి ప్లాస్టిక్ పొర (క్లింగ్ ఫిల్మ్) వదులుగా చుట్టి, దాని మీద నలిపిన టిష్యూ, ఆపైన బుడగల కవరు. చిన్న పెట్టె, దాన్ని పెద్ద పెట్టెలో అన్ని వైపులా 5 సెంటీమీటర్ల మెత్త ఉండేలా. మూడు నాలుగు సెంటీమీటర్ల చిన్నవాటికి కోడిగుడ్ల అట్ట కంటే మంచి పెట్టె లేదు, గుంటకొకటి. గల్ఫ్ నుంచి తెచ్చేవాళ్లు చిన్నవాటిని చేతిసంచిలో పెట్టుకోవాలి. తనిఖీలో విప్పమంటారు కాబట్టి టేపు తక్కువ వేసుకోవాలి. తక్కువ ధర రాయిని విదేశం నుంచి ఒక్కటే తెప్పిస్తే పార్శిల్ ఖర్చు రాయిని మించుతుంది. ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే పెట్టెలో తెప్పించుకోవడం నయం.

బీరువాలో నిలబెట్టడానికి ఖనిజాలకి వాడే మెత్తటి జిగురుముద్ద ఏప్రిల్ మే వేడికి సాగి, రాయి ఒరుగుతుంది. చిన్న పళ్లెంలో కడిగి ఆరబెట్టిన నది ఇసుక పోసి అందులో కూర్చోబెట్టండి. అడుగు విరుపూ కనబడదు, బరువూ ఒకచోట పడదు. దుమ్ముకి కెమెరా లెన్సు ఊదే రబ్బరు బుడ్డి. మొండి దుమ్ముకి మాత్రమే మేకప్ బ్రష్షు, అదీ రేకు మధ్యనుంచి అంచువైపుకి, ఎదురు వద్దు.

చీటీ సిరాతో కాకుండా పెన్సిల్‌తో రాయండి, సిరా వెలిసిపోతుంది. ఖనిజం పేరు, అది మింగిన ఇసుక ఏ రకం, ఊరు, ప్రాంతం, దేశం, తూకం, పొడవు, కొన్న ఏడాది. అతికించిన రేకుంటే ఏ వైపునో. ఉప్పు తీసి ఉంటే ఆ తేదీ కూడా రాయండి. రెండు వానాకాలాల తర్వాత మళ్లీ తెల్లగా కనిపిస్తే, మొదటిసారి ఎన్నిసార్లు ముంచారో చూసుకుని ఈసారి ఒకటి పెంచాలి.